క్రూజ్‌లో ఫార్మల్ నైట్: సూటు, టక్సీడో, గౌను, చీర... పెట్టెలో ఏది పెట్టుకోవాలి?

క్రూజ్ బుక్ చేసుకున్న స్నేహితులు నన్ను ఎక్కువగా అడిగేది ఫార్మల్ నైట్ గురించే, అంటే షిప్పులో అందరూ ముస్తాబై భోజనానికి వచ్చే ప్రత్యేక రాత్రి గురించి. నిజంగా టక్సీడో (బో టైతో వేసుకునే ఫార్మల్ నల్ల సూటు) కొనాలా? గౌను లేకపోతే లోపలికి రానివ్వరా? చీర కట్టుకుంటే అందరిలో వింతగా ఉంటుందా? ఈ టెన్షన్‌లో కొందరు మళ్లీ ఎప్పుడూ వేసుకోని ఖరీదైన బట్టలు కొనేస్తారు. ఇంకొందరు "అక్కడ ఎవరు చూస్తార్లే" అని ఏమీ తీసుకెళ్లరు. తీరా ఆ సాయంత్రం డైనింగ్ హాలు గుమ్మం దగ్గరికి వెళ్లాక మనసు చిన్నబుచ్చుకుని వెనక్కి వస్తారు.

నా మొదటి క్రూజ్‌కి నేను ఒళ్లంతా పూసలు కుట్టిన పొడుగు గౌను కొన్నాను. షాపులో అద్దం ముందు అది చాలా బాగుంది. షిప్పులో అది వేసుకుని కూర్చుంటే పూసలు తొడలకు గుచ్చుకున్నాయి, మెట్లెక్కితే అంచు కాళ్లకు అడ్డం పడింది. పెట్టెలో అది ఆక్రమించిన చోటు వల్ల మంచి చెప్పులు ఇంట్లోనే వదిలేయాల్సి వచ్చింది. అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ఈ బట్టల ఎంపిక సూట్‌కేసు దగ్గర మొదలవ్వాలి, అద్దం దగ్గరికి చివర్లో రావాలి.

## ముందు మీ షిప్పు ఏమడుగుతోందో చూడండి

ఫార్మల్ నైట్ అంటే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం లేదు. కొన్ని ఆ పేరు కూడా తీసేశాయి. అందుకే బట్టల గురించి ఆలోచించే ముందు ఈ పట్టిక చూడండి.

| కంపెనీ | ఆ రాత్రి పేరు | పట్టింపు ఎంత |
|---|---|---|
| కునార్డ్ | గాలా ఈవెనింగ్ | చాలా ఎక్కువ. మగవాళ్లకు టక్సీడో, డిన్నర్ జాకెట్ లేదా ముదురు రంగు సూటు, దానికి బో టై లేదా మామూలు టై |
| ప్రిన్సెస్ | ఫార్మల్ నైట్ | ఓ మోస్తరు. చాలామంది ముచ్చటగా తయారవుతారు |
| హాలండ్ అమెరికా | డ్రెస్సీ నైట్ | ఓ మోస్తరు. కోటు ఉంటే మంచిది |
| కార్నివాల్ | క్రూజ్ ఎలిగెంట్ | తక్కువ. షార్ట్స్, టీషర్టులు, రబ్బరు చెప్పులు మాత్రం కుదరవు |
| రాయల్ కరీబియన్ | వేర్ యువర్ బెస్ట్ | తక్కువ. సూటు నుంచి మంచి షర్టు దాకా అన్నీ కనిపిస్తాయి |
| సెలెబ్రిటీ | ఈవెనింగ్ చిక్ | తక్కువ. 2015లో ఫార్మల్ నైట్ స్థానంలో ఇది వచ్చింది |
| నార్వేజియన్ | డ్రెస్ అప్ ఆర్ నాట్ | పూర్తిగా మీ ఇష్టం |
| వైకింగ్ (సముద్ర యాత్రలు) | లేదు | అసలు ఫార్మల్ నైట్ ఉండదు |

ఈ పట్టికలో పై వరసకీ కింది వరసకీ మధ్య చాలా దూరం ఉంది. కునార్డ్ వారి క్వీన్ మేరీ 2లో సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి 7 రాత్రుల ప్రయాణం చేస్తే సాధారణంగా రెండు గాలా సాయంత్రాలు ఉంటాయి. వాటికి బ్లాక్ అండ్ వైట్, మాస్కరేడ్ (ముఖానికి మాస్కు పెట్టుకునేది) లాంటి థీమ్‌లు పెడతారు. ఆ డ్రెస్ కోడ్ సాయంత్రం 6 నుంచి షిప్పులో చాలా చోట్ల అమల్లో ఉంటుంది, కేవలం భోజనాల వేళకే కాదు. అక్కడ సాదా షర్టుతో అలాంటి చోట్లకి వెళ్తే వెనక్కి పంపే అవకాశం ఉంది, మీకూ ఇబ్బందిగా ఉంటుంది. అదే వైకింగ్ షిప్పుకి టక్సీడో మోసుకెళ్తే అది పెట్టెలోనే ఉండి తిరిగి ఇంటికొస్తుంది.

కంపెనీలు ఈ నియమాలు తరచూ మారుస్తాయి. పదేళ్ల కిందట క్రూజ్‌కి వెళ్లొచ్చిన బంధువు చెప్పే మాట కంటే మీ బుకింగ్‌తో పాటు వచ్చిన డ్రెస్ కోడ్ పేజీనే నమ్మండి. ఎన్ని ఫార్మల్ రాత్రులున్నాయో కూడా అక్కడే ఉంటుంది. ఉదాహరణకి కార్నివాల్‌లో 2 నుంచి 5 రోజుల యాత్రకు ఒకటి, 6 రోజులు లేదా అంతకు మించితే రెండు.

ఇంకో సంగతి. మొదటి రాత్రే ఫార్మల్ పెట్టడం చాలా అరుదు, ఎందుకంటే అప్పటికి కొందరి పెట్టెలు ఇంకా కేబిన్‌కి చేరి ఉండవు. ఎక్కువగా రేవులో ఆగకుండా సముద్రం మీదే ఉండే రోజున, అంటే చాలా యాత్రల్లో రెండో సాయంత్రం పెడతారు. విమానంలో వెళ్లి షిప్పు ఎక్కేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. పెట్టె ఆలస్యమైతే మొదట చేజారేది ఆ రాత్రే. కనీసం ఒక ఫార్మల్ జత చేతి బ్యాగులో ఉంచుకుంటే ఆ భయం ఉండదు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నా లెక్కలో అన్నిటికంటే ముందు వచ్చేది ఇస్త్రీ. ఇది చాలామందికి తట్టదు. అగ్ని ప్రమాదాల భయంతో చాలా కంపెనీలు కేబిన్‌లోకి ఇస్త్రీ పెట్టె తేనివ్వవు. ప్రయాణాల కోసం అమ్మే చిన్న స్టీమర్ కూడా అంతే. సెక్యూరిటీ దగ్గర తీసుకుని, యాత్ర అయ్యాక తిరిగి ఇస్తారు. కునార్డ్, ప్రిన్సెస్, కార్నివాల్ షిప్పుల్లో మన బట్టలు మనమే ఉతుక్కుని ఇస్త్రీ చేసుకునే గదులు ఉంటాయి. రాయల్ కరీబియన్‌లో అవి లేవు, డబ్బిచ్చి సిబ్బందితో చేయించుకోవాలి. ఫార్మల్ నైట్ సాయంత్రం ఆ ఇస్త్రీ బల్లల దగ్గర రద్దీ ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందుకే మడత పెట్టినా ముడత పడని బట్ట ఏదైనా సరే, అది సగం గెలిచినట్టే.

తర్వాతది బరువు. చాలా ఎయిర్‌లైన్స్ ఎకానమీలో ఒక్కో పెట్టెకి 23 కిలోల వరకే ఒప్పుకుంటాయి. బట్టల కంటే వాటితో పాటు వచ్చే బూట్లు, హీల్స్, పర్సు, నగలు ఎక్కువ చోటు తింటాయి. కాబట్టి బట్ట ఒక్కదాన్నే చూడొద్దు, దానికి తోడు ఏమేం కావాలో కూడా లెక్కేయండి.

మూడోది ఒంటికి హాయి. నెమ్మదిగా వడ్డించే భోజనం గంటన్నర, రెండు గంటలు సాగుతుంది. తర్వాత ఫొటోలు, షో, డ్యాన్సు. హాల్లో ఏసీ బాగా చల్లగా ఉంటుంది. సముద్రం కాస్త అలజడిగా ఉంటే కాళ్ల కింద నేల మెల్లగా ఊగుతూ ఉంటుంది. వీటన్నిటినీ తట్టుకోలేని అందం ఆ రాత్రి సగంలోనే భారమైపోతుంది.

చివరిది, ఇంటికొచ్చాక మళ్లీ వేసుకుంటారా లేదా. పెళ్లిళ్లు, ఆఫీసు పార్టీలు ఉన్నవాళ్లకి ఒక జవాబు, లేనివాళ్లకి ఇంకో జవాబు.

## మగవాళ్లకి నాలుగు దారులు

| | సొంత టక్సీడో | అద్దె టక్సీడో | ముదురు సూటు | బ్లేజర్, ప్యాంటు |
|---|---|---|---|---|
| కునార్డ్‌లో సరిపోతుందా | చక్కగా | చక్కగా | సరిపోతుంది | గాలా రాత్రి సరిపోదు |
| మిగతా కంపెనీల్లో | ఎక్కువే అవుతుంది కానీ బాగుంటుంది | అవసరం లేదు | సరిగ్గా సరిపోతుంది | చాలా చోట్ల చాలు |
| బ్యాగు బరువు | ఎక్కువ | దాదాపు లేదు | మధ్యస్థం | తక్కువ |
| మళ్లీ వాడకం | అరుదు | లేదు | బాగా ఉంది | అన్నిటికంటే ఎక్కువ |

టక్సీడో. దీని ముఖ్య గుర్తు కాలరు మడత మీద మెరిసే శాటిన్, ప్యాంటు పక్కన అదే గుడ్డతో ఒక గీత. దానికి నల్ల బో టై, నడుముకి కమ్మర్‌బండ్ (వెడల్పాటి గుడ్డ పట్టీ) లేదా వెయిస్ట్‌కోటు, నల్లగా మెరిసే బూట్లు కావాలి. ఇన్ని ముక్కల్లో ఒక్కటి మర్చిపోయినా మొత్తం వెలితిగా కనిపిస్తుంది. కునార్డ్‌లో తరచూ ప్రయాణించేవాళ్లకి, ఇంట్లో ఇప్పటికే ఒకటి ఉన్నవాళ్లకి ఇది మంచి ఎంపిక. ఒక్క యాత్ర కోసమే కొత్తగా కొనమని నేను ఎవరికీ చెప్పను.

అద్దె టక్సీడో. కొన్ని కంపెనీల ద్వారా ముందే కొలతలు పంపితే కేబిన్‌కే తెచ్చి ఇచ్చే ఏర్పాటు ఉండొచ్చు, మీ కంపెనీని ముందే అడగండి. విమానంలో తక్కువ సామానుతో వెళ్లేవాళ్లకి ఇది బాగా నచ్చుతుంది. ఇబ్బందల్లా కొలతలతోనే. షిప్పు కదిలాక భుజాలు బిగుతుగా ఉన్నాయని చెప్పినా మార్చడానికి వేరే సైజు దొరక్కపోవచ్చు. కొలతలు మీరే తీసుకోకండి, దర్జీతో తీయించుకోండి.

ముదురు రంగు సూటు. ఎక్కువమందికి నా సలహా ఇదే. నేవీ బ్లూ లేదా ముదురు బూడిద రంగు ఉన్ని సూటు ఒక్కటి ఉంటే మొదటి పట్టికలోని ఏ షిప్పులోనైనా ధైర్యంగా తిరగొచ్చు. కునార్డ్ గాలా రాత్రి తెల్ల షర్టు, బో టైతో వేసుకోండి. రెండో ఫార్మల్ రాత్రి అదే సూటుకి వేరే రంగు టై కడితే చాలు. మామూలు సాయంత్రాల్లో కోటు వదిలేసి ప్యాంటు మాత్రం వాడుకోవచ్చు. ఉన్నికి ఇంకో మంచి గుణం ఉంది. స్నానాల గదిలో వేడి నీళ్లు వదిలి ఆ ఆవిరిలో కాసేపు వేలాడదీస్తే చాలా ముడతలు వాటంతట అవే సర్దుకుంటాయి. లినెన్ సూటు మాత్రం వద్దు. కుర్చీలో కూర్చుని లేచేసరికే నలిగిపోతుంది.

బ్లేజర్, ప్యాంటు. కార్నివాల్, రాయల్ కరీబియన్, సెలెబ్రిటీ లాంటి షిప్పుల్లో ఇంతకుమించి అవసరం లేదు. బ్లేజర్ విమానంలోనే వేసుకుంటే బ్యాగులో చోటు కూడా మిగులుతుంది. మా వారు ఇప్పుడు ఈ దారే పట్టారు, టై ఒకటి జేబులో పెట్టుకుంటారు. ఆయనకి ఫొటోలంటే పెద్దగా పట్టింపు లేదు. మీకు ఉంటే సూటే వేసుకోండి. ఫార్మల్ రాత్రుల్లో షిప్పు ఫొటోగ్రాఫర్లు ప్రత్యేకంగా తెరలు కట్టి ఫొటోలు తీస్తారు, ఆ ఫొటోలు చాలా ఏళ్లు ఇంట్లో ఉంటాయి.

బూట్ల విషయంలో ఒకటే మాట: నల్ల తోలు బూట్లు ఒక్క జతే, అవీ ప్రయాణంలో కాళ్లకి ఉండాలి.

## ఆడవాళ్లకి ఎంపికలు ఎక్కువ, చిక్కులూ ఎక్కువే

పొడుగు గౌను. కునార్డ్‌లో ఇది అందంగా కలిసిపోతుంది, ఎందుకంటే చుట్టూ ఉన్నవాళ్లు చాలామంది అలాగే తయారై ఉంటారు. మెట్ల మీద నుంచి దిగుతుంటే ఆ అనుభవమే వేరు. తయారవడం ఇష్టమైనవాళ్లు దీన్ని వదులుకోవద్దు, ఇలాంటి సందర్భం జీవితంలో మళ్లీ మళ్లీ రాదు. కానీ గుడ్డ చూసుకోండి. జెర్సీ (మెత్తగా సాగే అల్లిక గుడ్డ), క్రేప్, సన్నటి మడతలు పెట్టిన పాలియెస్టర్ గౌన్లు చుట్టలా చుట్టి పెట్టినా ముడత పడవు. శాటిన్ మీద నీటిచుక్క పడినా మరక తెలుస్తుంది. వెల్వెట్ నలిగితే ఆ గుర్తు అంత త్వరగా పోదు. పూసలు, మెరుపులు నిండుగా ఉంటే బరువు. పొడుగు విషయంలో, మీరు వేసుకునే చెప్పులతోనే కొలవాలి. అంచు నేలకు అంగుళం పైనే ఉండాలి, లేకపోతే మెట్ల దగ్గర ప్రతిసారీ చేత్తో ఎత్తుకోవాల్సి వస్తుంది.

మోకాలి దాకా ఉండే కాక్‌టెయిల్ డ్రెస్. కునార్డ్ కూడా దీన్ని ఒప్పుకుంటుంది. చిన్నది, తేలిక, నడవడానికి సులువు, ఇంటికొచ్చాక పార్టీలకీ పనికొస్తుంది. నల్లది లేదా ముదురు ఎరుపుది ఒక్కటి తీసుకుని మొదటి రాత్రి మెడలో పెద్ద హారం, రెండో రాత్రి మెరిసే స్టోల్, వేరే చెవిదుద్దులు పెట్టుకుంటే అదే డ్రెస్ అని ఎవరూ గుర్తుపట్టరు. పూల డిజైన్ ఉన్నది అయితే మాత్రం గుర్తుపడతారు. చేతులూ కాళ్లూ బయటికి ఉంటాయి కాబట్టి ఏసీకి చలేస్తుంది, పల్చటి ఉన్ని శాలువా ఒకటి తప్పదు.

విడి జతలు. నన్ను అడిగితే తెలివైన ఎంపిక ఇదే. ఒక నల్లటి పొడుగు స్కర్టు లేదా వదులుగా జారే నల్ల ప్యాంటు, దానికి రెండు మంచి టాప్‌లు: ఒకటి మెరిసేది, ఒకటి లేసుది. మూడు ముక్కలతో రెండు పూర్తి అలంకరణలు వస్తాయి. నల్ల ప్యాంటు మిగతా సాయంత్రాల్లో కూడా నడుస్తుంది. బరువు గౌనులో సగం కూడా ఉండదు. గౌనుకి ఉండే ఠీవి దీనికి రాదన్నది నిజమే. కానీ రెండు వారాల యాత్రలో మూడు ఫార్మల్ రాత్రులు ఉన్నప్పుడు మూడు గౌన్లు మోయడం కంటే ఇది ఎంతో నయం.

ప్యాంట్ సూట్. గౌన్లు, స్కర్టులు నచ్చనివాళ్లు వెనకాడొద్దు. శాటిన్ కాలరుతో ఉన్న నల్ల ప్యాంట్ సూట్ ఏ షిప్పులోనైనా ఫార్మలే. కునార్డ్ నియమాల్లో కూడా ఆడవాళ్లకి ఇది రాసి ఉంటుంది.

హీల్స్ గురించి కాస్త ఆగి చెప్పాలి. సన్నటి ఎత్తు మడమ మందమైన కార్పెట్‌లో దిగబడుతుంది. షిప్పు ఊగితే చీలమండ మడతపడే ప్రమాదం ఉంది. వెడల్పుగా, రెండంగుళాల లోపు ఉన్న మడమ లేదా మెరుపు ఉన్న ఫ్లాట్స్ చాలు. పొడుగు బట్టల కింద చెప్పులు ఎవరికీ కనిపించవు కూడా.

## సంప్రదాయ దుస్తులు

ఇది చాలామంది మొహమాటంతో వదిలేసే ఎంపిక. అలా వదలాల్సిన పని లేదు. కునార్డ్ డ్రెస్ కోడ్‌లోనే ఫార్మల్ జాతీయ దుస్తులకి చోటుంది. స్కాట్లండ్ వాళ్లు కిల్ట్‌లో (మగవాళ్లు కట్టే గళ్ల లంగా), జపాన్ వాళ్లు కిమోనోలో వచ్చే చోట చీర, బంద్‌గలా (మెడ దాకా గుండీలుండే కోటు) కూడా అంతే గౌరవంగా ఉంటాయి.

చీరకి గౌను మీద కొన్ని లాభాలున్నాయి. మడత పెడితే పుస్తకమంత చోటే తీసుకుంటుంది. ఒళ్లు కాస్త పెరిగినా తగ్గినా సైజు బాధ లేదు. కొంగు భుజం మీదుగా కప్పుకుంటే ఏసీకి శాలువా కూడా అదే. కాకపోతే జరీ ఎక్కువున్న పట్టుచీర ఒక్కటే కిలో దాకా తూగుతుంది, లంగా, బ్లౌజు అదనం. జార్జెట్ లేదా క్రేప్ చీర అయితే తేలిక, ఇస్త్రీ అక్కర్లేదు, కుచ్చిళ్లు చక్కగా జారతాయి.

అసలు కష్టం కట్టుకునే దగ్గర. మామూలు కేబిన్‌లో మంచం, సోఫా పోగా నిలబడటానికి ఒక మూల మిగులుతుంది. ఇద్దరూ ఒకేసారి తయారవ్వాలంటే కుదరదు. కుచ్చిళ్లు ఇంట్లోనే పెట్టి, పిన్ను చేసి, అలాగే మడిచి తీసుకెళ్లండి. డెక్ మీద గాలి గట్టిగా వీస్తుంది. ఫొటో కోసం బయటికి వెళ్లేలా ఉంటే భుజం దగ్గరే కాకుండా నడుము దగ్గర కూడా ఒక పిన్ను పెట్టుకోండి.

మగవాళ్లకి ముదురు రంగు బంద్‌గలా టై, బో టై అక్కర్లేని సూటులాంటిది. లాల్చీ పైజామా తెల్ల కాటన్‌ది అయితే ఫార్మల్ రాత్రికి చాలదు, సిల్కుది, పైన కోటు ఉన్నది అయితే బాగుంటుంది.

పిల్లల కోసం ఎక్కువ ఆలోచించకండి. అబ్బాయికి కాలరు షర్టు, ప్యాంటు. అమ్మాయికి పార్టీ ఫ్రాకు. పెరిగే పిల్లలకి సూటు కొనడం డబ్బు దండగ.

## అసలు తయారవ్వకుండా ఉంటే?

అదీ ఒక ఎంపికే, తప్పేమీ కాదు. ఆ రాత్రి కూడా బఫే తెరిచే ఉంటుంది. చాలా షిప్పుల్లో కేబిన్‌కే భోజనం తెప్పించుకోవచ్చు. కునార్డ్‌లో కూడా బఫే, పబ్ లాంటి కొన్ని చోట్లకి గాలా దుస్తులు అక్కర్లేదు. మీరు వదులుకునేది పెద్ద డైనింగ్ హాల్లో ఆ రాత్రి ప్రత్యేకమైన భోజనం, ఆ సందడి. మీరొక్కరే అయితే అది మీ ఇష్టం. మీతో వచ్చినవాళ్లకి ఆ రాత్రి మీద ఆశ ఉంటే మాత్రం బుక్ చేసేటప్పుడే మాట్లాడుకోండి. ఒకరు గౌనులో, ఒకరు టీషర్టులో గుమ్మం దగ్గర గొడవ పడటం నేను చూశాను, ఇద్దరి మీదా జాలేసింది.

## మీరు ఎవరైతే ఏది

కునార్డ్‌లో మొదటిసారి వెళ్లే జంటకి: ఆయనకి ముదురు సూటు, బో టై, ఆమెకి క్రేప్ గౌను ఒకటి లేదా నల్ల స్కర్టు, రెండు టాప్‌లు.

చేతి బ్యాగుతోనే విమానం ఎక్కేవాళ్లకి: ఒంటి మీద బ్లేజర్, బ్యాగులో జెర్సీ డ్రెస్. కంపెనీ పట్టింపు ఎక్కువైతే మగవాళ్లు అద్దె టక్సీడో చూసుకోవాలి.

పెద్దవయసు వాళ్లకి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి: చీలమండ పైకి ఉండే స్కర్టు లేదా ప్యాంటు, ఫ్లాట్ చెప్పులు. నేల మీద జీరాడేది ఏదీ వద్దు.

పిల్లలతో వెళ్లే తల్లులకి: ముదురు రంగు, డిజైన్ ఉన్న గుడ్డ. సూపు ఒలికినా కనిపించదు. ఉతికి ఆరేస్తే పొద్దునకి సిద్ధం.

తయారవడమే పండగ అనుకునేవాళ్లకి: ఒక రాత్రి గౌను, ఒక రాత్రి చీర. మిగతా సామాను తగ్గించుకోండి.

ఏది ఎంచుకున్నా, బయల్దేరడానికి వారం ముందు దాన్ని సూట్‌కేసులో పెట్టి ఒక రాత్రి అలాగే ఉంచండి. మర్నాడు తీసి, ఇస్త్రీ చేయకుండానే వేసుకోండి. అదే చెప్పులతో మెట్లెక్కి దిగండి, కుర్చీలో కూర్చుని నింపాదిగా భోజనం చేయండి. గంట తర్వాత కూడా విప్పేయాలని అనిపించకపోతే దాన్నే మళ్లీ మడిచి పెట్టెలో పెట్టండి.